పాత వీడియోగేమ్‌ల పిల్లల నవలలు: ఎవరికి ఏ సిరీస్, ముందు ఏ పుస్తకం

1990ల మొదట్లో వచ్చిన వీడియోగేమ్ నవలలను ఇప్పుడు వెతుక్కుని కొనేవాళ్లు చాలామంది ఒకటే పని చేస్తారు. చిన్నప్పుడు ఇష్టంగా ఆడిన గేమ్ పేరు అట్ట మీద కనిపించగానే డబ్బు కట్టేస్తారు. తర్వాత నిరాశపడతారు. గొప్ప గేమ్‌కు గొప్ప పుస్తకం రావాలని ఎక్కడా లేదు, ఈ పుస్తకాల విషయంలో అయితే చాలాసార్లు తిరగబడింది కూడా. గేమ్ పేరుకంటే ముందు చూసుకోవాల్సింది, ఆ పుస్తకంతో మీరేం చేయబోతున్నారన్నది. ఒక్కరే కూర్చుని చదువుకుంటారా, ఎనిమిదేళ్ల పిల్లకు చదివి వినిపిస్తారా, లేక పెన్సిలు, పాచిక పట్టుకుని ఆడతారా? ఈ మూడింటికీ సరిపోయే సిరీస్‌లు వేరువేరు.

మన ఇళ్లలో అప్పట్లో టీవీకి తగిలించి ఆడిన క్యాసెట్ గేమ్‌లు ఎక్కువగా నింటెండో వాళ్ల ఫామికామ్‌కు నకళ్లే. అమెరికాలో ఎన్.ఇ.ఎస్. పేరుతో అమ్మిన మెషీన్ కూడా ఆ కుటుంబంలోదే. మనకు వచ్చిన క్యాసెట్లలో గేమ్‌లు ఉండేవి గానీ, వాటి వెంట రావాల్సిన మాన్యువల్ ఉండేది కాదు. అందుకే ఎవరితో ఎందుకు కొట్లాడుతున్నామో తెలియకుండానే స్టేజీలు దాటేశాం. ఆ ఖాళీ పూరించుకుందామని ఈ నవలలు తెరిచేవాళ్లకు ఒక హెచ్చరిక: వీటిలో ఉన్న కథ చాలాచోట్ల గేమ్‌లో ఉన్న కథ కాదు.

వరల్డ్స్ ఆఫ్ పవర్: కథ కావాలంటే ఇదే

స్కొలాస్టిక్ సంస్థ 1990, 91లలో వేసిన సిరీస్ ఇది. దీని రూపకర్త సేథ్ గోడిన్, తర్వాతి కాలంలో మార్కెటింగ్ పుస్తకాలతో పేరు తెచ్చుకున్నాయనే. సిరీస్ మీద మాత్రం ఎఫ్.ఎక్స్. నైన్ అనే కలం పేరు కనిపిస్తుంది. ప్రధాన వరసలో ఎనిమిది పుస్తకాలు: బ్లాస్టర్ మాస్టర్, మెటల్ గేర్, నింజా గైడెన్, కాసిల్‌వేనియా 2, విజార్డ్స్ అండ్ వారియర్స్, బయానిక్ కమాండో, ఇన్‌ఫిల్ట్రేటర్, బిఫోర్ షాడోగేట్. ఇంకా చిన్న పిల్లల కోసం 'జూనియర్' పేరుతో మెగా మ్యాన్ 2, బేసెస్ లోడెడ్ 2 వచ్చాయి. ఇన్నిటిలో నింటెండో సొంత గేమ్ ఒక్కటీ లేదు. కోనామి, క్యాప్‌కామ్, టెక్మో, సన్‌సాఫ్ట్ లాంటి బయటి కంపెనీల గేమ్‌లే అన్నీ. మారియో కోసం ఈ సిరీస్‌లో వెతకడం దండగ.

ఈ పుస్తకాలకు ఒక గట్టి నియమం ఉంది, హింస కనిపించకూడదు. మెటల్ గేర్ అట్టను ఒకసారి దగ్గరగా చూడండి. గేమ్ డబ్బా మీది బొమ్మనే తీసుకుని సైనికుడి చేతిలో తుపాకీని చెరిపేశారు. వేళ్లు మాత్రం తుపాకీ పట్టుకున్నట్టే ఉన్నాయి. లోపల కథకూ ఇదే వైద్యం. ఆ నవలలో హీరో సాలిడ్ స్నేక్‌కు జస్టిన్ హ్యాలీ అనే అసలు పేరు తగిలించారు, అతను ఎవరినీ చంపకుండా శత్రువుల కోట అంతా తిరిగేస్తాడు. తర్వాతి మెటల్ గేర్ గేమ్‌లు ఆడినవాళ్లకు ఈ పుస్తకం చదువుతుంటే నవ్వాగదు. అయితే తప్పంతా రచయితది కాదు. ఎన్.ఇ.ఎస్. మెటల్ గేర్‌లో అసలు మెటల్ గేర్ యంత్రమే కనిపించదు, చివర్లో ఒక కంప్యూటర్‌ను పేల్చాలి. అమెరికా మాన్యువల్‌లో విలన్ పేరు కర్నల్ వెర్మన్ కటాఫీ, అప్పటి వార్తల్లోని లిబియా పాలకుడు గడాఫీ పేరును వెక్కిరించడానికి పెట్టింది. పునాదే అలా ఉంటే మీద కట్టిన గోడ నిటారుగా ఎక్కడ నిలుస్తుంది!

నింజా గైడెన్‌లో మార్పు ఇంకా పెద్దది. గేమ్‌లో హీరో ర్యూ తండ్రి చనిపోతాడు, ఆ గేమ్ గుర్తుండిపోయేదే ఆ సన్నివేశంతో. పుస్తకంలో ఆయన బతికి బయటపడతాడు. గేమ్ మీద అభిమానంతో కొన్నవాళ్లకు ఇది మింగుడుపడదు. గేమ్ తెలియని పిల్లకు చదివి వినిపిస్తుంటే మాత్రం ఇదే ముగింపు చక్కగా అతుకుతుంది. ఒకే పుస్తకం ఒకరికి పనికొచ్చి ఇంకొకరికి ఎందుకు పనికిరాదో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

కాసిల్‌వేనియా 2 దారి వేరు. గేమ్ హీరో సైమన్ బెల్మాంట్ పక్కన టిమ్ బ్రాడ్లీ అనే ఇప్పటి కాలపు స్కూలు పిల్లాడిని నిలబెట్టారు. వీడియోగేమ్‌ల పిచ్చి ఉన్న ఆ పిల్లాడు ట్రాన్సిల్వేనియాలోకి వచ్చిపడతాడు. భయం, చీకటి కోరుకునేవాళ్లకు ఈ పిల్లాడి జోకులు అడ్డుపడతాయి. తొమ్మిది, పదేళ్ల పిల్లలకు ఆ పిల్లాడే నచ్చుతాడు. మెగా మ్యాన్ 2లో ఒక విచిత్రం, తనను తయారుచేసిన డాక్టర్ లైట్ పొరపాటు వల్ల మెగా మ్యాన్ రోబో నుంచి మనిషిగా మారిపోతాడు. కథ చిన్నది, అక్షరాలు పెద్దవి. ఇంగ్లిష్ నవల మొదటిసారి పట్టుకునే పిల్లలకు సరే గానీ పెద్దవాళ్లు గంటలో ముగించి పక్కన పడేస్తారు.

ఈ సిరీస్‌లో ఒక్కటే కొనాలంటే బ్లాస్టర్ మాస్టర్ కొనండి. మన గేమ్ అభిమానులు చాలామంది దీన్ని పట్టించుకోరు గానీ కారణాలు గట్టివి. ఈ గేమ్ జపాన్‌లో మెటాఫైట్ పేరుతో వచ్చింది, అక్కడ కథ అంతరిక్ష యుద్ధం. 1988లో అమెరికాకు తెచ్చేటప్పుడు ఆ కథ తీసేసి, తప్పించుకున్న కప్ప వెనకాల ఒక గుంతలోకి దిగే జేసన్ అనే కుర్రాడి కథ పెట్టారు. ఎందుకు, ఏమిటన్న వివరం గేమ్‌లో దాదాపు లేదు. అంటే నవల రాసేవాళ్లకు ఖాళీ జాగా దొరికింది. ఎ.ఎల్. సింగర్ పేరుతో పీటర్ లెరాంగిస్ రాసిన ఈ నవల ఆ జాగాలో ఈవ్ అనే కొత్త పాత్రను తెచ్చింది. వేరే గ్రహం నుంచి వచ్చిన ఈవ్, గేమ్‌లో జేసన్ నడిపే ట్యాంకు సంగతి అతనికి చెబుతుంది. అసలు విశేషం తర్వాత జరిగింది. 2000లో ప్లేస్టేషన్‌కు వచ్చిన బ్లాస్టర్ మాస్టర్: బ్లాస్టింగ్ అగైన్‌లో హీరోలు జేసన్, ఈవ్‌ల పిల్లలే. 2017 నాటి బ్లాస్టర్ మాస్టర్ జీరోలోనూ ఈవ్ ఉంది. పిల్లల నవలలో పుట్టిన పాత్ర గేమ్‌లోకి ఎక్కడం ఈ కోవ పుస్తకాల్లో చాలా అరుదు.

విజార్డ్స్ అండ్ వారియర్స్, బిఫోర్ షాడోగేట్ రెండూ ఎలెన్ మైల్స్ రాసినవి. రెండోది షాడోగేట్ గేమ్‌కు ముందు జరిగిన కథ, కాబట్టి గేమ్ తెలియకపోయినా చదవొచ్చు. ఇన్‌ఫిల్ట్రేటర్, బేసెస్ లోడెడ్ 2 మొత్తం సెట్టు పూర్తిచేయాలన్న పట్టుదల ఉన్నవాళ్లకే. బేస్‌బాల్ తెలియకపోతే రెండోదాని జోలికి అసలు పోవద్దు.

చదివి వినిపించేవాళ్లకు లెక్క: ఈ నవలలు సుమారు వంద, నూటపాతిక పేజీలు ఉంటాయి, అధ్యాయాలు చిన్నవి. అప్పటికప్పుడు తెలుగులో చెబుతూ పోయినా రాత్రి పూట ఒక అధ్యాయం పావుగంట నుంచి ఇరవై నిమిషాల్లో అయిపోతుంది. మధ్యమధ్య గేమ్ చిట్కాలు వస్తాయి. అవి వినిపించకండి, గేమ్ ముందు లేకుండా అవి అర్థంకావు, కథ వేగం చచ్చిపోతుంది.

నింటెండో అడ్వెంచర్ బుక్స్: పెన్సిలు దగ్గర పెట్టుకోండి

మారియో, జెల్డా కావాలంటే ఇక్కడికి రావాలి. 1991, 92లలో అమెరికాలో ఆర్చ్‌వే, బ్రిటన్‌లో మామత్ ముద్రించాయి. మొత్తం పన్నెండు. పది మారియో, లూయిజీలవి, రెండు జెల్డావి. జెల్డా పుస్తకాల పేర్లు ది క్రిస్టల్ ట్రాప్, ది షాడో ప్రిన్స్.

ఇవి నవలల్లా మొదటినుంచి చివరిదాకా చదివేవి కావు. పేజీ చివర "ఇలా చేస్తే ఫలానా పేజీకి వెళ్లు" అని ఉంటుంది. తేడా ఏమిటంటే, ఊరికే ఎంచుకోవడం మాత్రమే కాదు, చాలాచోట్ల పజిల్ విప్పాలి, జవాబును బట్టి దారి మారుతుంది. చిక్కుదారి బొమ్మలు, సంకేత లిపులు, తేడాలు కనిపెట్టే బొమ్మలు ఉంటాయి. నాణేలో పాయింట్లో లెక్క రాసుకుంటూ పోవాలి. తప్పుదారి పడితే గేమ్ ఓవర్.

కథగా చూస్తే మారియో పుస్తకాల్లో పెద్దగా ఏమీ లేదు. చెణుకులు, చమత్కారాలు, విలన్ కూపా పిల్లల అల్లరి, అంతే. ఆడటానికి మాత్రం బాగుంటాయి, ముఖ్యంగా పిల్లలిద్దరు కలిసి కూర్చుంటే. ఒకరు చదవాలి, ఒకరు పజిల్ పట్టాలి. ఒక దారి మొత్తం తిరిగి చావడానికి గాని గెలవడానికి గాని అరగంట చాలు. నాలుగో తరగతి ఇంగ్లిష్ చదవగల పిల్లలకు భాష అడ్డుకాదు. అమెరికా పిల్లల యాస, మాటల మీద ఆడే జోకులు మాత్రం పక్కన ఎవరైనా పెద్దవాళ్లు విప్పి చెప్పాల్సి వస్తుంది.

జెల్డా పుస్తకాలు రెండూ మారియోవాటికంటే అరుదు. కొనేవాళ్లు ఎక్కువ కాబట్టి అమ్మేవాళ్లు ధర పెంచి చెబుతారు. ఆడటమే మీ ఉద్దేశమైతే ఆ ధర పెట్టొద్దు, అదే డబ్బుకు రెండు మూడు మారియో పుస్తకాలు వస్తాయి, ఆట తీరులో పెద్ద తేడా లేదు. జెల్డా అంటే ప్రాణం పెట్టేవాళ్ల సంగతి వేరు, వాళ్లకు సలహా అక్కర్లేదు.

సెకండ్‌హ్యాండ్‌లో ఈ సిరీస్‌కు పెద్ద గండం, వెనకటి యజమాని రాతలు. పజిల్ పేజీల మీద పెన్నుతో గీసి ఉంటే ఆ పుస్తకం ఆడటానికి పనికిరాదు, జవాబు ముందే కనిపిస్తుంది. పెన్సిలు రాతలైతే మెత్తటి రబ్బరుతో, ఒకే దిశలో, తేలిగ్గా చెరపండి. పాత కాగితాన్ని గట్టిగా రుద్దితే పొర లేచిపోతుంది. అమ్మకందారును అట్ట ఫోటో ఒక్కటే అడిగి ఊరుకోవద్దు. లోపలి పజిల్ పేజీలు నాలుగైదు, చివరి పేజీ, వెన్ను ఫోటోలు అడగండి. నవలలో ఒక పేజీ పోతే కథ ఊహించుకోవచ్చు. ఇక్కడ ఒక పేజీ పోతే దాని మీదుగా వెళ్లే దారులన్నీ మూసుకుపోతాయి.

సోనిక్: బ్రిటన్‌వి వేరు, అమెరికావి వేరు

సెగా కంపెనీ గేమ్ హీరో సోనిక్ పుస్తకాలు కొనేటప్పుడే ఎక్కువ గందరగోళం జరుగుతుంది. బ్రిటన్‌లో రెండు వరసలు వచ్చాయి. వర్జిన్ వేసిన నవలలు నాలుగు, 1993, 94లలో, మార్టిన్ ఆడమ్స్ పేరుతో. ఆ పేరు వెనక ముగ్గురు ఉన్నారు: జేమ్స్ వాలిస్, కార్ల్ సార్జెంట్, మార్క్ గాస్కోయిన్. ముగ్గురికీ గేమ్‌ల రచనలో చెయ్యి తిరిగింది, అది వాక్యంలోనే తెలుస్తుంది. పెద్దవాళ్లు ఇప్పుడు చదివినా నవ్వు తెప్పించేవి ఈ మొత్తం కోవలో ఇవే అని మా అభిప్రాయం. విలన్ రోబోట్నిక్ ఒకప్పుడు కింటోబోర్ అనే మంచి శాస్త్రవేత్త అన్న బ్రిటన్ కథ వీటికి ఆధారం. రోబోట్నిక్ ఇంగ్లిష్ అక్షరాలను వెనక్కి తిప్పితే కింటోబోర్ వస్తుంది. జపాన్ గేమ్‌లలో ఈ కథ లేదు. తర్వాత వచ్చిన గేమ్‌లతో, సినిమాలతో పెరిగిన పిల్లలకు ఈ పేరు వినపడగానే "ఇదెవరు?" అంటారు, ముందే ఒక మాట చెప్పి ఉంచండి.

రెండో వరస పఫిన్ గేమ్‌బుక్స్, ఆరు. మెటల్ సిటీ మేహెమ్, జోన్ రేంజర్స్, సోనిక్ వర్సెస్ జోనిక్, ది జోన్ జాపర్, థీమ్ పార్క్ ప్యానిక్, స్టార్మిన్ సోనిక్. ఇవి 1993 నుంచి 90ల మధ్యదాకా వచ్చాయి. మారియో పుస్తకాల్లో పేజీ నంబర్లతో నడిస్తే, ఇక్కడ చిన్న చిన్న నంబరు పేరాలు సుమారు మూడు వందలు ఉంటాయి, పాచిక వేసి నడవాలి. మొదట్లో సోనిక్ లక్షణాలకు అంకెలు పంచుకోవాలి. వేగం, బలంతో పాటు అందానికి కూడా అంకె ఉంది, ఎంత సోనిక్‌లా ఉందో చూడండి! పరీక్ష వచ్చిన చోట పాచిక పడ్డ అంకెకు ఆ లక్షణం కలిపి, పేరాలో చెప్పిన అంకెను దాటిందో లేదో చూస్తారు. రింగులు, ప్రాణాలు లెక్క రాసుకోవాలి.

ఆడేటప్పుడు రెండు పనులు చేస్తే తిప్పలు తగ్గుతాయి. లెక్కలు రాసుకునే పేజీని జిరాక్స్ తీసి దాని మీదే రాయండి, పుస్తకంలో రాయొద్దు. పక్కన తెల్లకాగితం పెట్టుకుని వెళ్లిన పేరా నంబరుకు సున్నా చుట్టి, అక్కడి నుంచి బాణాలు గీసుకుంటూ పొండి. ఇరవై నంబర్లు దాటేసరికి ఎక్కడ గుండ్రంగా తిరుగుతున్నారో కాగితమే చెబుతుంది. పిల్లలు చేసే తప్పు ఒకటుంది, అంకెలన్నీ వేగానికే పోసేస్తారు. మిగతా లక్షణాలతో వచ్చే పరీక్షల్లో ప్రాణాలు పోతాయి. కాస్త సమంగా పంచమని చెప్పండి.

అమెరికాలో 1993లో ట్రోల్ సంస్థ మైకేల్ టైటెల్‌బామ్ రాసిన సోనిక్ పుస్తకాలు వేసింది. అవి చిన్నపిల్లల స్థాయి కథలు, బ్రిటన్ పుస్తకాలకు ప్రత్యామ్నాయం కావు. ఆన్‌లైన్‌లో 'సోనిక్ ద హెడ్జ్‌హాగ్ నవల 1993' అని వెతికితే ఇవన్నీ కలగలిసి వస్తాయి. ప్రచురణకర్త పేరు చూసిగానీ బటన్ నొక్కకండి.

తేలిగ్గా దాటేయదగ్గవి

1999లో స్కొలాస్టిక్ వేసిన పోకెమాన్ చాప్టర్ బుక్స్ వీటన్నిటికంటే తేలిగ్గా, చవగ్గా దొరుకుతాయి. అయితే అవి గేమ్‌బాయ్ గేమ్ మీద కాదు, టీవీ సీరియల్ ఎపిసోడ్ల మీద రాసినవి. యాష్, పికాచూ కావాలంటే సరే, రెడ్, బ్లూ గేమ్‌ల జ్ఞాపకం కోసం అయితే వద్దు. డూమ్, రెసిడెంట్ ఈవిల్ నవలలు 90లవే, గేమ్‌లవే, కానీ పిల్లలవి కావు. పాత పుస్తకాల లాట్లలో అవి కూడా కలిపి అమ్ముతుంటారు, ఇంటికి తెచ్చి పిల్లల చేతికి ఇచ్చే ముందు చూసుకోండి.

ఎక్కడ, ఎలా కొనాలి

హైదరాబాద్‌లో ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత ఇంగ్లిష్ పిల్లల పుస్తకాలు గుట్టలుగా ఉంటాయి. అక్కడ వెతకడం సరదా, దాని మీదే ఆధారపడితే మాత్రం ఏళ్లు పడుతుంది. నమ్మకమైన దారి విదేశీ సెకండ్‌హ్యాండ్ సైట్లు. సిరీస్‌ను బట్టి దేశం ఎంచుకోండి: వరల్డ్స్ ఆఫ్ పవర్, ఆర్చ్‌వే మారియోలు అమెరికాలో, మామత్, పఫిన్, వర్జిన్ పుస్తకాలు బ్రిటన్‌లో. బ్రిటన్ పుస్తకాన్ని అమెరికా అమ్మకందారు దగ్గర కొంటే ఒకసారి సముద్రం దాటిన ఖర్చు కూడా మీరే కడతారు. ఒక్కో పుస్తకం తెప్పిస్తే తపాలా ఖర్చు పుస్తకం ధరను మించిపోతుంది. డల్లాస్‌లోనో లండన్‌లోనో ఉన్న బంధువుల చిరునామాకు విడివిడిగా తెప్పించి, వాళ్లు సెలవులకు వచ్చేటప్పుడు తెమ్మనడమే చవక. సన్నటి పాకెట్‌సైజు పుస్తకాలు కాబట్టి సూట్‌కేసులో పది పెట్టినా పెద్ద బరువు కాదు, వాళ్లు మొహం చిట్లించరు.

కొనే ముందు రుచి చూడాలనుకుంటే ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే ఉచిత ఆన్‌లైన్ గ్రంథాలయంలో వెతకండి, కొన్ని అరువుకు దొరుకుతాయి. నవలలకు అది చాలు. గేమ్‌బుక్‌లు తెర మీద చదవడం నరకం, ముందుకీ వెనక్కీ పేజీలు మార్చలేక చస్తారు.

పక్కన గేమ్ కూడా ఆడాలనుకునేవాళ్లకు: కాసిల్‌వేనియా 2 కోసం 2019 నాటి కాసిల్‌వేనియా యానివర్సరీ కలెక్షన్, మెగా మ్యాన్ 2 కోసం 2015 నాటి మెగా మ్యాన్ లెగసీ కలెక్షన్, రెండూ స్టీమ్ అనే ఆన్‌లైన్ గేమ్ దుకాణంలో ఉన్నాయి, మామూలు ల్యాప్‌టాప్ చాలు. ఎన్.ఇ.ఎస్. మెటల్ గేర్ 2023 నాటి మెటల్ గేర్ సాలిడ్ మాస్టర్ కలెక్షన్ మొదటి సంపుటంలో ఉంది. వరస మాత్రం ఇలా పెట్టుకోండి: కాసిల్‌వేనియా 2 అయితే పుస్తకం ముందు, ఎందుకంటే ఆ గేమ్‌లో ఊళ్లో జనం చెప్పే మాటలు సగం తప్పుదోవ పట్టిస్తాయి, లోకం ముందే కాస్త తెలిసి ఉండటం మేలు. నింజా గైడెన్ అయితే గేమ్ ముందు, లేకపోతే తండ్రి సన్నివేశం బరువు పోతుంది.

పుస్తకం చేతికొచ్చాక

ముప్పై ఏళ్ల పాకెట్‌సైజు పుస్తకం వెన్నులో జిగురు ఎండి పెళుసుబారి ఉంటుంది. రొట్టెలా రెండు వైపులా చదునుగా పరిస్తే మధ్యలో ఫట్‌మని విరుగుతుంది. సగం మాత్రమే తెరిచి చదవండి. గేమ్‌బుక్‌లు పదేపదే తిప్పుతాం కాబట్టి వాటికి ప్రమాదం ఎక్కువ. చదివేముందు మొదటి నుంచి కొన్ని పేజీలు, చివరి నుంచి కొన్ని పేజీలు చొప్పున నెమ్మదిగా తెరిచి నొక్కుతూ మధ్యకు రావాలి, అప్పుడు వెన్ను మీద ఒత్తిడి ఒకేచోట పడదు.

పేజీ ఊడిపోతే సెల్లోటేప్ వేయొద్దు. కొన్నేళ్లకు టేపు పసుపెక్కి ఊడిపోతుంది, జిగురు మరక మాత్రం కాగితంలోనే ఉండిపోతుంది. తెల్ల ఫెవికాల్‌ను సన్నటి బ్రష్‌తో పేజీ లోపలి అంచుకు రెండు మిల్లీమీటర్ల వెడల్పున, పలచగా రాసి, వెన్నులోకి సరిగ్గా ఆనించి, రెండు వైపులా బటర్ పేపర్ పెట్టి, పైన నాలుగు బరువైన పుస్తకాలు ఎత్తి రాత్రంతా వదిలేయండి. జిగురు ఎక్కువైతే పక్క పేజీలు అతుక్కుంటాయి, జరిగే తప్పు ఎప్పుడూ అదే. కాగితం పసుపు రంగు మాత్రం తిరిగి తెలుపవదు. చవకరకం గుజ్జు కాగితం, దానికి మందు లేదు. ఎండ తగలకుండా ఉంచితే ఇంకా ముదరకుండా ఆగుతుంది.

పాత పుస్తకాల్లో పురుగు ఉందని అనుమానం వస్తే వేరే పుస్తకాల పక్కన పెట్టకండి. గాలి చొరబడని జిప్ కవర్లో పెట్టి డీప్ ఫ్రీజర్లో రెండు వారాలు ఉంచండి. తీశాక కవరు వెంటనే తెరవొద్దు, ఒక రోజంతా బయట అలాగే ఉంచాలి. లేకపోతే చల్లటి కాగితం మీద గాలిలోని తేమ పట్టి పేజీలు అలలు తేలతాయి. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి ఊళ్లలో బూజు బెడద కూడా ఉంటుంది. అలమరలో సిలికా జెల్ పొట్లాలు వేసి, గోడకు ఆనించకుండా రెండంగుళాలు ఎడం వదిలి పుస్తకాలు నిలబెట్టండి. వానాకాలంలో ఆ పొట్లాలను నెలకోసారి మార్చాలి.